గూడు ముందు, కోళ్లు తర్వాత: పెరటి కోళ్లను పెంచి కాపాడుకునే పద్ధతి

కోడిపిల్లలు కొనడానికి బయలుదేరే ముందు ఒక పని చేయండి. పొద్దుగూకాక పెరట్లో దీపం ఆర్పేసి ఒక గంట ఊరికే కూర్చోండి. ప్రహరీ మీద ఏ పిల్లి నడుస్తుందో, కట్టెల మోపు కింద నుంచి ఏది తొంగి చూస్తుందో, వీధి కుక్క ఏ సందులోంచి దూరుతుందో ఆ గంటలో తెలిసిపోతుంది. నేను ఈ పని చేయకుండానే మొదలుపెట్టాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంటి వెనకే గుట్ట, గుట్ట నిండా సీతాఫలం పొదలు. పదహారు నాటుకోళ్లు తెచ్చి, పాత రేకులతో గూడు నిలబెట్టి, పనైపోయిందనుకున్నాను. మూడో వారం ఒక తెల్లవారుజామున చూస్తే తలుపు వారగా తెరిచి ఉంది, లోపల పదకొండు కోళ్లు చచ్చి పడి ఉన్నాయి. ఒక్కదాన్నీ తినలేదు.

గుట్ట మీది అడవిపిల్లి పని అని వాడకట్టంతా తేల్చేసింది. నేనూ నమ్మాను. మా పెద్దమ్మ మాత్రం నమ్మలేదు. “పిల్లి అయితే ఒకదాన్ని నోట కరుచుకుని పోతుంది బిడ్డా. పదకొండింటిని చంపి పడేసి పోతుందా? గూటి చుట్టూ బూడిద చల్లి చూడు” అంది. చల్లాను. మర్నాడు బూడిదలో గోళ్ల గుర్తులతో సహా కుక్క అడుగులు పడ్డాయి. రోజూ రాత్రి మిగిలిన అన్నం పెట్టి మేమే సాకిన కుక్క అది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, గుప్పెడు బూడిద పట్టించింది.

అప్పటి నుంచి కోళ్లు పెంచుతామని ఎవరు వచ్చి అడిగినా నేను చెప్పే వరుస ఒకటే. ముందు శత్రువు, తర్వాత గూడు, ఆ తర్వాతే కోడి.

వచ్చింది ఎవరో తేల్చుకోవడం

సాయంత్రం గూటి చుట్టూ రెండు జానల వెడల్పున నేల చదును చేసి, కాస్త నీళ్లు చిలకరించి, జల్లించిన పొయ్యి బూడిద పలచగా చల్లండి. గ్యాసు పొయ్యి ఉన్న ఇళ్లలో ముగ్గుపిండి చాలు. తెల్లవారి వాకిలి ఊడ్వకముందే చూడండి. గుండ్రటి అడుగు, నాలుగు వేళ్లు, గోళ్ల జాడ లేకపోతే పిల్లిజాతి. పెంపుడుదైతే చిన్నది, అడవిపిల్లిదైతే కొంచెం పెద్దది. కోలగా ఉండి వేళ్ల ముందు గోళ్లు గుచ్చుకుంటే కుక్క లేదా నక్క. చిన్న అడుగులో ఐదు వేళ్లు, గోళ్ల గాట్లు ఉంటే ముంగిస గానీ పునుగుపిల్లి గానీ. మధ్యలో తోక ఈడ్చిన గీత, అటూఇటూ కాళ్ల గుర్తులు ఉంటే ఉడుము. అలాంటి గీతే సన్నగా ఉండి పాదాలు బుల్లివైతే ఎలుక. పాము సంగతి చెప్పనక్కర్లేదు, మెలికల గీత గీసి పోతుంది.

అడుగులు దొరకకపోతే చచ్చిన కోడిని చూడండి. కుక్క కనబడినవాటన్నింటినీ కొరికి, విదిలించి వదిలేస్తుంది. అడవిపిల్లి, నక్క ఎక్కువగా ఒక కోడిని ఎత్తుకుపోతాయి, మీకు మిగిలేవి నాలుగు ఈకలే. ముంగిస తల, మెడ దగ్గర కొరుకుతుంది. దొరికితే ఒకటికి నాలుగు చంపుతుంది. గుడ్డును ముందు కాళ్లతో పట్టుకుని వెనక కాళ్ల సందులోంచి రాయికేసి విసిరి పగలగొట్టడం దాని అలవాటు. గోడ మొదట్లో పెంకులు చెల్లాచెదురుగా పడి ఉంటే దాన్నే అనుమానించండి. పెంకు ముక్క కూడా లేకుండా గుడ్లు మాయమైతే పాము లేదా ఉడుము. చచ్చిన పిల్ల తల, మెడ తడిగా జిగురుగా ఉంటే పాము మింగబోయి చేతకాక వదిలేసిందని అర్థం. పిల్లలు రోజుకొకటి చొప్పున జాడ లేకుండా తగ్గుతుంటే నేల మీద కన్నాలు వెతకండి. పందికొక్కులు, ఎలుకలు పిల్లలను బొరియలోకి లాక్కుపోతాయి.

వేళ కూడా సాక్ష్యం చెబుతుంది. ముంగిస, ఉడుము, గద్ద, కాకి పగటి దొంగలు. అడవిపిల్లి, పునుగుపిల్లి, గుడ్లగూబ ఎక్కువగా రాత్రివి. నక్క చీకటి పడేటప్పుడు, తెల్లవారేటప్పుడు వస్తుంది. కుక్కకూ పాముకూ వేళాపాళా లేదు. పట్టపగలు పోయిన కోడికి రాత్రి గడియను తిట్టుకుని లాభం లేదు.

గూడు

పది కోళ్లకు ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గూడు చాలు. రాత్రి పడుకోవడానికి కోడికి ఒకటిన్నర చదరపు అడుగు చోటు ఉంటే ఇబ్బంది పడదు. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు.

మన నేలలో గుంత తవ్వడం ఎంత కష్టమో మీకు తెలుసు. అడుగు లోతులోనే రాయి తగులుతుంది. అందుకే జాలీని భూమిలోకి రెండడుగులు పాతిపెట్టమనే సలహా వినడానికి బాగుంటుంది, చేయడానికి గడ్డపార వంగుతుంది. దానికి బదులు గూటిని పైకి లేపండి. చేను కంచెలకు వాడే రాతి కడీల ముక్కలు నాలుగు పాతి, రెండున్నర అడుగుల ఎత్తున షాబాద్ బండ పరవండి. బండను పందికొక్కు తొలవలేదు, చెద తినదు, కడగడం తేలిక. బండ మీద మూడు వైపులా ఇటుక గోడ, ముందు తలుపు, గోడల పైభాగాన చుట్టూ అడుగు ఎత్తు జాలీ. కడీల నడుమన జానెడు వెడల్పు నున్నటి రేకు చుడితే ఎలుకలు పైకి ఎక్కలేవు. కోళ్లు ఎక్కే నిచ్చెనను రాత్రి తీసి పక్కన పెట్టండి. ఇంత చేసి నిచ్చెన మరిచిపోయేవాళ్లు చాలామంది, నాతో సహా.

గూడు నేల మీదే కట్టక తప్పకపోతే, గోడ మొదలు నుంచి బయటికి అడుగున్నర వెడల్పున జాలీని నేల మీద పరిచి, పైన బరువైన రాళ్లు పేర్చండి. తవ్వుకుని రావాలనుకునే జంతువు గోడ మొదట్లోనే మొదలుపెడుతుంది. కాళ్ల కింద జాలీ తగిలేసరికి వదిలేస్తుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు.

జాలీ విషయంలో పిసినారితనం వద్దు. ఆరు మూలల కళ్లుండే పలచటి కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను బయట ఉంచలేదు. పళ్లతో పట్టి లాగితే చిరిగిపోతుంది. అర అంగుళం కళ్ల వెల్డ్‌మెష్ జాలీ తీసుకుని, మేకులతో కాకుండా చెక్క పట్టీల కింద బిగించండి. పిడికిలి పట్టే సందులోంచి ముంగిస వస్తుంది, రెండు వేళ్లు పట్టే సందులోంచి ఎలుకా పామూ వస్తాయి. గూడు పూర్తయ్యాక పట్టపగలు లోపల కూర్చుని తలుపు మూయించుకోండి. వెలుతురు ఎక్కడెక్కడ గీతలా పడుతుందో అక్కడల్లా సిమెంటు పెట్టండి.

కప్పుకు రేకు వేస్తే దానిపైన తాటి కమ్మలు పరవండి. మే నెలలో 45 డిగ్రీలు దాటే జిల్లాలో ఒట్టి రేకు కింద కోడి ఉడికిపోతుంది. కమ్మలు రేకు పైనే ఉండాలి. కింద వేస్తే ఎలుకలు కాపురం పెడతాయి, ఎలుకల వెనక పాము వస్తుంది.

తలుపుకు ఒక గొళ్లెం చాలదు. మా కుక్క మూతితో నెట్టి లేపింది ఆ ఒక్క గొళ్లేన్నే. గొళ్లెంలో చీల దూర్చండి, లేదా చిన్న తాళం వేయండి. బోనాల ముందు, దసరా ముందు తాళం తప్పనిసరి. ఆ రోజుల్లో వచ్చే పిల్లికి రెండే కాళ్లుంటాయి.

ఏ కోడి

నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టదు, పెరగడానికీ తీరిక తీసుకుంటుంది. కానీ పొదుగుతుంది, పిల్లలను సాకుతుంది, గద్ద నీడ పడితే కేక వేస్తుంది, కుక్క వెంటపడితే ఎగిరి వేపకొమ్మ మీద కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారు చేసింది. వనరాజ మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, గ్రామప్రియ గుడ్లకు మేలు. రంగు ఈకలు ఉండటంతో తెల్ల కోళ్లలా దూరం నుంచే శత్రువు కంట పడవు. అయితే వీటికి పొదుగు బుద్ధి దాదాపు లేదు. పైగా వనరాజ బరువెక్కితే పరుగు మందగిస్తుంది. ఇవి సంకర రకాలు కాబట్టి వాటి గుడ్లను పొదిగించి వచ్చిన పిల్లల్లో తల్లిదండ్రుల దిగుబడి ఆశించకండి.

గుట్ట పక్కన, చేను మధ్యన ఇల్లున్నవాళ్లకు నా సలహా నాటుకోళ్లే. ఊరి నడుమ ప్రహరీ ఉన్నవాళ్లు గ్రామప్రియ పెట్టుకోవచ్చు. మొదటిసారి పెంచేవాళ్లు ఒక్క రోజు వయసు పిల్లల జోలికి పోకుండా, టీకాలు పడిన నాలుగు నుంచి ఆరు వారాల పిల్లలను తెచ్చుకుంటే సగం గండం గడిచినట్టే. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. రెండుంటే అవి ఒకదాన్నొకటి పొడుచుకోవడంలోనే ఉంటాయి, ఆకాశం వైపు చూడవు.

పొదిగేయడం, పిల్లలు

పొదిగేయడానికి శీతాకాలం మంచిది. ఎండాకాలం గుడ్లు త్వరగా చెడతాయి. పెట్టిన గుడ్లను వారం లోపే పొదిగేయాలి, అంతవరకు తడి ఇసుక మీద పెట్టిన మట్టి చట్టిలో దాచాలి. ఒక పెట్ట కింద పది పన్నెండు గుడ్లకు మించి పెట్టకండి. ఏడో రోజు రాత్రి ఫోను దీపం మీద గుడ్డు పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ కనిపించనివి తీసేయండి. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. పొదిగే పెట్ట కదలదు కాబట్టి దానికి ప్రమాదం ఎక్కువ. వంటింటి మూలనో, గట్టి గదిలోనో కూర్చోబెట్టి, రోజుకొకసారి మేతకు లేపండి.

పుట్టాక మొదటి రెండు మూడు వారాలు తల్లీపిల్లలు పగలు గంప కింద, రాత్రి గూట్లో ఉండాలి. గంప మీద బరువు రాయి పెట్టండి. రాయి లేని గంపను కుక్క ఒక్క తోపుతో దొర్లిస్తుంది.

తల్లి లేని పిల్లలకు వెచ్చదనం మీరే ఇవ్వాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. ఇక్కడ చాలామంది బోల్తా పడేది బల్బు దగ్గర. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. పాతకాలపు తీగ బల్బే కావాలి, వంద వాట్లది నలభై పిల్లలకు సరిపోతుంది. కింద రెండంగుళాల వరి ఊక పోసి, మొదటి మూడు రోజులు పైన పాత పేపరు పరవండి, లేకపోతే ఊకనే తింటాయి. ఉష్ణమానిని లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టగా చేరితే చలి, అంచులకు పారిపోయి నోరు తెరిస్తే వేడి, అంతటా చెదిరి గింజలు ఏరుకుంటుంటే సరిపోయినట్టు.

ఆకాశం నుంచి

తల్లికోడి సాకిన పిల్లకూ, మిషన్లో పొదిగిన పిల్లకూ ఇక్కడే తేడా తెలుస్తుంది. గద్ద తిరిగితే తల్లి గొంతు మారుతుంది. ఒక సన్నని లాగుడు కూత, అంతే. మరుక్షణం పిల్లలన్నీ దాని రెక్కల కిందో, పొద కిందో ఉంటాయి. మిషన్ పిల్లకు ఆ కూత నేర్పేవారు లేరు. గద్దను చూసినా తల ఎత్తి అలాగే నిలబడుతుంది. అందుకే వాటిని ఆరేడు వారాల వరకు బయట వదలకండి. అరకిలో దాటిన కోడిని గద్ద సాధారణంగా ఎత్తుకుపోలేదు.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కందికట్టెకు కొదవ లేదు. పంగ కర్రలు నాలుగు పాతి, అడుగున్నర ఎత్తున కందికట్టె పందిరి వేయండి. పెరట్లో అలాంటివి రెండు మూడు ఉంటే పిల్లలు ఎటునుంచైనా రెండంగల్లో నీడకు చేరతాయి. కట్టెను నేల మీద కుప్పగా మాత్రం వేయకండి. అది గద్ద నుంచి కాపాడుతుంది, కానీ ముంగిసకూ పాముకూ ఇల్లవుతుంది. పందిరి కింద నేల అవతలి వైపుకు స్పష్టంగా కనిపించాలి.

చిన్న పెరడైతే పైన వల కట్టేయండి. మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు వేలాడదీస్తే కొన్నాళ్లు పనిచేస్తాయి, తర్వాత గద్దలు లెక్కచేయవు, అందుకే వారానికోసారి చోటు మార్చాలి. మాంజా దారం వద్దు, పిచ్చుకల మెడలు తెగుతాయి. రెండు గిన్నీ కోళ్లు పెంచగలిగితే వాటిని మించిన కాపలా లేదు. పాము కనబడినా, కొత్త మనిషి వచ్చినా వాడ అదిరేలా అరుస్తాయి. పొరుగువాళ్లతో మాటలు నిలవాలంటే మాత్రం ముందే చెప్పి తెచ్చుకోండి.

మేత, సాయంత్రపు డబ్బా

పగలు తిరిగే కోడి సగం కడుపు తానే నింపుకుంటుంది. పురుగు, గడ్డి, రాలిన గింజ దానికి దొరుకుతాయి. మీరు పెట్టాల్సింది సాయంత్రం, కోడికి గుప్పెడు: నూకలు, తవుడు, జొన్నలు, సజ్జలు, ఏవి ఉంటే అవి. గుడ్డు పెంకు పలచబడితే నత్తగుల్లల పొడి కలపండి.

పిల్లలకు మాంసకృత్తుల కోసం మా వైపు పాత పద్ధతి ఒకటుంది. పాత కుండలో ఎండు పేడ, చిరిగిన గోనె ముక్క కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే చోట బోర్లిస్తారు. ఒకటి రెండు రోజులకు లేపితే గోనె మడతల్లో తెల్లగా చెదలు పాకుతుంటాయి. పిల్లల ముందు దులిపితే క్షణంలో ఖాళీ. కుండను ఇంటి ద్వారబంధాలకు దూరంగా పెట్టడం మరవకండి.

మేత పెట్టే చోటు గూడే కావాలి. రోజూ పొద్దు వాలే అదే వేళకు, అదే రేకు డబ్బాలో గింజలు గలగలలాడించి గూట్లోనే చల్లండి. పది పదిహేను రోజులకు డబ్బా చప్పుడు వినగానే ఎక్కడున్నా పరుగెత్తుకొస్తాయి. చింతచెట్టు మీద పడుకునే మొండి కోళ్లకూ ఇదే మందు. చెట్టు మీది కోడిని కుక్క అందుకోలేదు గానీ అడవిపిల్లి, పునుగుపిల్లి ఎక్కుతాయి. తిన్నాక లెక్కపెట్టి తలుపు వేయండి. ఒకటి తగ్గితే వెలుతురు ఉండగానే వెతకాలి, రేపు చూద్దామంటే రేపటికి ఈకలు మిగులుతాయి. చిందిన గింజలు ఊడ్చేయండి, గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి. చీకట్లో గుడ్ల గూట్లోకి చెయ్యి పెట్టకండి, ముందు దీపం వేసి చూడండి. గుడ్ల కోసం నాగుపాము అక్కడ చుట్ట చుట్టుకుని ఉండొచ్చు. కాటు పడితే మంత్రాల దగ్గర ఆగకుండా నేరుగా విషవిరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్లాలి.

చేయకూడనివి

కోపంలో మనుషులు చేసే పనులు రెండున్నాయి. చచ్చిన కోడిలో పురుగుమందు గుళికలు పెట్టి వదలడం, గూటి చుట్టూ కరెంటు తీగ కట్టడం. గుళికల కోడిని నక్క కంటే ముందు పక్కింటి కుక్క, నెమలి తింటాయి. కరెంటు తీగ రాత్రి మూత్రానికి లేచిన మనిషిని చంపుతుంది. ముంగిస, ఉడుము, అడవిపిల్లి, నాగుపాము వన్యప్రాణుల రక్షణ చట్టం 1972 కింద రక్షణ ఉన్న జీవులు. వాటిని చంపడం నేరం. అమ్రాబాద్, అచ్చంపేట వైపు అడవి అంచు ఊళ్లలో చిరుత జాడ కనిపిస్తే అటవీ సిబ్బందికి చెప్పి, కోళ్లను ఇటుక గోడల గదిలో పెట్టాలి. చిరుతకు జాలీ అడ్డం కాదు.

తెగులు

ముంగిస నాలుగింటిని చంపితే కొక్కెర తెగులు (రాణికెట్) నలభైని చంపుతుంది. ఆకుపచ్చ తెల్ల పారుడు, నోరు తెరిచి గురక, మెడ మెలిక తిరగడం, కాళ్లు పడిపోవడం దీని లక్షణాలు. వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో లసోటా అనే కొక్కెర టీకా చుక్క కంట్లో, రెండో వారం చివర గంబోరో అనే మరో తెగులుకు టీకా, నాలుగో వారం లసోటా మళ్లీ, ఎనిమిది పది వారాలకు కొక్కెరకే ఆర్‌2బీ టీకా సూది చర్మం కింద. మశూచి టీకా వేళ పశువైద్యుడిని అడగండి. టీకా సీసాలు ఎక్కువగా వంద మోతాదులకు తక్కువ రావు కాబట్టి వాడకట్టులో నలుగురు కలిసి తెచ్చుకుంటే సరిపోతుంది. ఐసు ముక్కలు వేసిన థర్మాసులో తెచ్చి, కలిపాక రెండు గంటల్లో వేసేయాలి. ఎండలో బండి పెట్టెలో వేసుకొచ్చిన టీకా ఒట్టి నీళ్లతో సమానం. రెండు మూడు నెలలకోసారి ఏలికపాముల మందు పట్టించండి.

తెగులు ఎక్కువగా సంత నుంచే ఇంటికొస్తుంది. కొత్త కోడిని మూడు వారాలు వేరుగా ఉంచాకే మందలో కలపండి. ఒకేసారి చాలా కోళ్లు చస్తే చేతులతో ముట్టకుండా, కోసి పంచకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు.

కోడి పోయిన మర్నాడు

ఎంత చేసినా ఎప్పుడో ఒకటి పోతుంది. పోయిన రోజు ఉదయం చచ్చినవాటిని తీయకముందే నేల, ఈకలు, గాయాలు చూడండి. మూడడుగుల గుంతలో సున్నం చల్లి పూడ్చండి, పెంటకుప్ప మీద పారేస్తే మీరే విందుకు పిలిచినట్టు. వచ్చిన దారి దొరికే వరకు గూటి చుట్టూ వంగి వెతకండి. మీ తల ఎత్తులో కాదు, దాని తల ఎత్తులో. రుచి మరిగిన జంతువు మర్నాటి రాత్రే మళ్లీ వస్తుంది, అదే వేళకు, అదే దారిన. సందు ఆ సాయంత్రంలోపు మూసేయాలి. మూయలేకపోతే ఆ ఒక్క రాత్రి కోళ్లను ఇంట్లో గంపల కింద కమ్మండి. వంటిల్లు పాడవుతుంది, పొద్దున కడుక్కోవచ్చు.

మా కుక్కను తరిమేయలేదు. రాత్రిళ్లు ఇంటి ముందు కట్టేస్తాం. మిగిలిన ఐదు కోళ్లతో మొదలై మంద ఇప్పుడు ముప్పై దాటింది. గొళ్లెంలో దూర్చే చీలకు ఎర్ర గుడ్డ కట్టాను. గుడ్డ తలుపు మీద కనబడకుండా నా చొక్కా జేబులో తగిలిందంటే గూటి తలుపు ఇంకా వేయలేదని గుర్తు.